ష్ప్రేవాల్డ్‌లో కయాకింగ్, చేత్తో నడిపే లాకులు: తరచుగా అడిగే ప్రశ్నలు

బెర్లిన్‌కు చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు వేసవి రాగానే ఒక వారాంతం ష్ప్రేవాల్డ్‌కు వెళ్దామని అనుకుంటారు. పడవ అద్దెకు దొరుకుతుందని అందరికీ తెలుసు. దారిలో లాకులు (నీటిమట్టం మారే చోట పడవను ఎక్కించే, దించే తలుపుల గదులు) వస్తాయని, వాటిని మనమే తెరిచి మనమే మూయాలని మాత్రం చాలామందికి అక్కడికి వెళ్లాకే తెలుస్తుంది. అందుకే ఈ పేజీలో లాకుల గురించి ఎక్కువ, మిగతా సంగతులు అవసరమైనంత మేరకు రాశాను.

ష్ప్రేవాల్డ్ ఎక్కడుంది? అది నదా, అడవా?

రెండూ. బెర్లిన్‌కు ఆగ్నేయంగా సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, బ్రాండెన్‌బుర్గ్ రాష్ట్రంలో ఉంది. కోట్‌బుస్ ఊరు దాటాక ష్ప్రే నదికి వాలు దాదాపు లేకుండా పోతుంది. మంచుయుగం చివర్లో కరిగిన నీళ్లు పరిచి వెళ్లిన పల్లపు నేల అది. పారడానికి వాలు లేక నది వందల పాయలుగా చీలింది. శతాబ్దాలుగా రైతులు తవ్వుకున్న కాలువలు ఆ పాయలతో కలిసిపోయాయి. చిన్నా పెద్దా అన్నీ కలిపితే 1,500 కిలోమీటర్లకు పైనే ఉంటాయి. పడవలను వదిలేది అందులో కొంత భాగంలోనే. బెర్లిన్‌కు చేరేది ఈ నీళ్లే.

అక్కడివాళ్లు చెప్పే కథ వేరే ఉంది. దయ్యం ఎడ్లను కట్టి ష్ప్రే నదికి దారి దున్నుతుంటే ఎడ్లు బెదిరి నాగలితో సహా అడ్డదిడ్డంగా పరుగెత్తాయట. ఆ చాళ్లే ఈ పాయలట. మ్యాప్ చూస్తే కథే నిజమేమో అనిపిస్తుంది.

1990లో దీన్ని జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. 1991లో యునెస్కో గుర్తింపు వచ్చింది. విస్తీర్ణం సుమారు 475 చదరపు కిలోమీటర్లు.

ఎలా వెళ్లాలి?

బెర్లిన్ నుంచి కోట్‌బుస్ వైపు వెళ్లే రీజినల్ రైలు ఎక్కి ల్యుబ్బెన్‌లో గానీ ల్యుబ్బెనౌలో గానీ దిగండి. గంట ప్రయాణం, కాస్త అటూఇటూ. డాయిచ్‌లాండ్ టికెట్ (జర్మనీ అంతటా రీజినల్ రైళ్లలో చెల్లే నెలవారీ పాస్) ఉంటే వేరే టికెట్ అక్కర్లేదు. స్టేషన్ నుంచి పడవలు అద్దెకిచ్చే చోటికి నడిచి వెళ్లవచ్చు. జూన్, జులైలో శనివారం అయితే పడవ ముందే బుక్ చేసుకోండి.

ఇంత నెమ్మది నదిలో లాకులు ఎందుకు?

వాలు తక్కువే అయినా అసలు లేకపోలేదు. నీళ్లను వదిలేస్తే ఎండాకాలం వచ్చేసరికి పాయలు అడుగంటుతాయి. అందుకని అక్కడక్కడా చిన్న ఆనకట్టలు కట్టి నీటిని మెట్లు మెట్లుగా నిలబెట్టారు. ఆ మెట్టు ఎక్కడానికి, దిగడానికి పడవకు ఒక దారి కావాలి. అదే లాకు. రెండు చివర్లా తలుపులున్న గది. గదిలో నీళ్లు పెరిగితే పడవ పైకి లేస్తుంది, తగ్గితే కిందికి దిగుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. పని అంతా నీళ్ల బరువుదే. మనం చేసేది షట్టర్లు (గదిలోకి నీళ్లను వదిలే, ఆపే చిన్న పలకలు) ఎత్తడం, దించడం, తలుపులు తోయడం.

ష్ప్రేవాల్డ్‌లో చాలాచోట్ల ఎగువకూ దిగువకూ తేడా మీటరు చుట్టుపక్కలే ఉంటుంది. అందుకే మనుషుల చేతులు సరిపోతాయి.

లాకు నడపడానికి అక్కడ ఎవరూ ఉండరా?

పెద్ద లాకుల దగ్గర, రద్దీ రోజుల్లో మనిషి ఉండవచ్చు. చాలావాటి దగ్గర ఎవరూ ఉండరు. గోడమీద జర్మన్‌లో బొమ్మలతో సహా సూచనల బోర్డు ఉంటుంది. ఒక్కో లాకు ఏర్పాటు ఒక్కో రకం. కొన్నింటికి తిప్పే హ్యాండిల్, కొన్నింటికి ఇనుప మీట. కాబట్టి ఇక్కడ రాసింది చదివినా ఆ బోర్డు చదవకుండా పని మొదలుపెట్టవద్దు. ఫోన్‌లో అనువాదం చేసుకుని చదవండి. రెండు నిమిషాల పని.

ఎగువకు వెళ్లేటప్పుడు లాకు ఎలా దాటాలి?

ముందు ఇద్దరి పని పంచుకోండి. ఒకరు గట్టు మీద, ఒకరు పడవలో. ఇద్దరికీ మధ్య మాట వినపడాలి. గట్టు మీదున్న మనిషి ఏ షట్టర్ ముట్టుకున్నా ముందు గట్టిగా చెప్పాలి, పడవలో ఉన్నవాళ్లు సరే అన్నాకే కదపాలి.

లాకుకు కాస్త ముందే దిగే చోటు ఉంటుంది. అక్కడ ఒకరు దిగండి. తలుపులకు ఆనుకుని పడవ ఆపవద్దు. లోపల నీళ్లు వదిలితే ఆ ఉరవడి నేరుగా మీ మీదికే వస్తుంది. పక్కనే ఉండే ఆనకట్ట వైపు అసలు వెళ్లవద్దు.

గట్టు మీదికి వెళ్లిన మనిషి మొదట చూడాల్సింది లోపల ఎవరైనా ఉన్నారా అని. ఎగువ నుంచి పడవ వస్తుంటే వాళ్లను ముందు దింపడం మేలు. ఎలాగూ ఆ నీళ్లు కిందికి వదలాలి, ఆ నీళ్లతో పాటు వాళ్లూ దిగిపోతారు. ఎవరూ లేకపోతే ఎగువ తలుపులూ, ఎగువ షట్టర్లూ పూర్తిగా మూసి ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ తర్వాత దిగువ షట్టర్ కొద్దికొద్దిగా ఎత్తండి. గదిలో నీళ్లు తగ్గి బయటి నీళ్లతో సమానం అయ్యేదాకా ఆగండి. సమానం కాగానే దిగువ తలుపులు తేలిగ్గా తెరుచుకుంటాయి.

పడవ లోపలికి వచ్చాక గది మధ్యలో, వీలైతే కాస్త వెనక్కి ఉండాలి. ఎగువ తలుపుకు దగ్గరగా వెళ్తే నీళ్లు దూకే చోటికి వెళ్లినట్టే. గోడకు వేలాడే గొలుసు గానీ తాడు గానీ ఉంటే చేత్తో పట్టుకోండి, పడవకు కట్టేయవద్దు. తర్వాత దిగువ తలుపులు మూసి, దిగువ షట్టర్లు దించి, ఒకసారి కళ్లారా చూసుకోండి. అది మూయకుండా ఎగువ షట్టర్ ఎత్తితే నీళ్లు ఇటునుంచి వచ్చి అటు పోతూనే ఉంటాయి, గది నిండదు.

ఇప్పుడు ఎగువ షట్టర్. ఇక్కడే తొందరపడేది అందరూ. మొదట నాలుగు వేళ్ల మందం ఎత్తి ఆగండి. పడవ ఎలా కదులుతుందో చూడండి. కుదురుగా ఉంటే ఇంకొంచెం. ఒక్కసారిగా పూర్తిగా ఎత్తితే ఆ నీటి సుడికి కయాక్ అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంటుంది, బోల్తా పడవచ్చు. గది నిండి రెండు వైపులా నీళ్లు సమానం అయ్యాక ఎగువ తలుపు తెరవండి, పడవ బయటికి తీయండి. చివరగా ఆ తలుపు మూయండి, షట్టర్ దించండి. అప్పుడు గట్టు మీది మనిషి అవతలి దిగే చోటి దగ్గర పడవ ఎక్కవచ్చు.

దిగువకు వెళ్లేటప్పుడు?

ఇదే పని తిరగేసి చేయాలి. గది నిండుగా ఉండేలా చూసుకుని లోపలికి వచ్చి, ఎగువ వైపు అంతా మూసి, దిగువ షట్టర్ నెమ్మదిగా ఎత్తాలి. రెండు జాగ్రత్తలు మాత్రం అదనం. ఒకటి, ఎగువ తలుపు కింద గోడ లాంటి గట్టు ఉంటుంది. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు కనపడదు. పడవ వెనక భాగం దాని మీదికి వస్తే నీళ్లు దిగేకొద్దీ వెనక భాగం అక్కడే ఆగి, ముందు భాగం కిందికి వాలిపోతుంది. కాబట్టి ముందుకు జరిగి ఉండండి. రెండు, తాడు ఎక్కడా ముడి వేయవద్దు. నీళ్లతో పాటు పడవ దిగాలి కదా.

తలుపు ఎంత తోసినా కదలడం లేదు. పాడైందా?

చాలామటుకు కాదు. రెండు వైపులా నీళ్లు ఇంకా సమానం కాలేదని అర్థం. మీటరు తేడా ఉంటే రెండు మీటర్ల వెడల్పు తలుపు మీద టన్ను పైనే బరువు పడుతుంది. మనిషి తోస్తే కదలదు, కదలకపోవడమే మంచిది. ఇంకో నిమిషం ఆగండి. నలుగురు కలిసి తోయడం, తెడ్డుతో మెలేయడం వద్దు. చాలాసేపు ఆగినా సమానం కాకపోతే అవతలి వైపు షట్టర్ ఏదో కొంచెం తెరిచి ఉండవచ్చు, వెళ్లి చూడండి. నిజంగానే విరిగి ఉంటే పడవ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేసి, గట్టు మీదుగా పడవ మోసుకెళ్లండి. కొన్ని చోట్ల పడవను జారవిడిచే రోలర్లు కూడా ఉంటాయి.

వెనక ఎవరో వస్తున్నారు. తలుపు తెరిచి వదిలేసి వెళ్తే వాళ్లకు సాయం కదా?

వాళ్లు కనుచూపు మేరలో ఉంటే ఆగి, కలిసి దాటండి. అది సాయం. కనపడకపోతే మూసి వెళ్లండి.

ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను. ఒక లాకు గది 20 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉందనుకోండి. మీటరు తేడాకు ఒక్కసారి నిండితే 80 ఘనపు మీటర్లు. అంటే మన ఊళ్లలో వీధికొచ్చే పది వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఎనిమిది. ఒక్క కయాక్ కోసం అన్ని నీళ్లు కిందికి పోతాయి. ఇక రెండు వైపులా షట్టర్లు తెరిచి వదిలేస్తే దానికి లెక్కే లేదు, మళ్లీ ఎవరో వచ్చి మూసేదాకా పోతూనే ఉంటాయి.

ఆ నీళ్లు కేవలం పడవల కోసం నిలిపినవి కావు. పాయల్లో నీటిమట్టం ఎంతుంటే చుట్టుపక్కల పచ్చిక బయళ్లలో నేల కింద నీళ్లు అంతుంటాయి. ఇక్కడి నేలలో చాలా భాగం పీట్. వేల ఏళ్లుగా నీళ్లలో కుళ్లకుండా పేరుకున్న ఆకులూ వేళ్లూ అది. తడిగా ఉన్నంతకాలం కార్బన్‌ను తనలో పట్టి ఉంచుతుంది. ఆరితే గాలి తగిలి కుంగిపోతుంది, ఆ కార్బన్ గాలిలో కలుస్తుంది. మళ్లీ తడిపినా కుంగిన నేల పైకి లేవదు. ఆల్డర్ చెట్ల అడవికి, కొంగలు మేసే తడి పొలాలకు ఆధారం ఆ మట్టమే.

అందుకే నా మాట ఇది: లాకు దాటే ముందు పది నిమిషాలు ఆగి ఇంకో రెండు పడవలు వచ్చాక అందరూ కలిసి వెళ్లండి. దాటాక వెనక్కి తిరిగి నాలుగు చోట్లా చూడండి: ఎగువ తలుపు, ఎగువ షట్టర్, దిగువ తలుపు, దిగువ షట్టర్. ఆ లాకు బోర్డు మీద వేరే విధంగా రాసి ఉంటే మాత్రం అదే పాటించండి. కరువు ఏళ్లలో లాకుల వాడకానికి ఆంక్షలు పెడితే వాదించకుండా ఒప్పుకోండి.

నీళ్లు కొన్నిచోట్ల తుప్పు రంగులో ఎందుకున్నాయి? మురికా?

మురికి కాదు, ఇనుము. ఎగువన లుసాటియా ప్రాంతంలో పెద్ద పెద్ద లిగ్నైట్ (గోధుమరంగు బొగ్గు) గనులున్నాయి. గని తవ్వడానికి భూగర్భ జలాన్ని తోడినప్పుడు మట్టిలోని గంధకం, ఇనుము కలిసిన ఖనిజాలకు గాలి తగులుతుంది. గని మూసేశాక నీళ్లు మళ్లీ పైకి ఊరుతూ ఆ ఇనుమునూ సల్ఫేట్‌నూ కడిగి నదిలోకి తెస్తాయి. నదిలో గాలి తగలగానే ఇనుము గోధుమరంగు బురదగా అడుగున పేరుకుంటుంది. చేపలకు, నీటి పురుగులకు అది హాని. ష్ప్రేవాల్డ్‌కు చేరకముందే ష్ప్రెమ్‌బెర్గ్ జలాశయంలో చాలా ఇనుము ఆగిపోతుంది.

ఇందులో ఇంకో చిక్కుంది. ఇన్నేళ్లుగా గనుల నుంచి తోడిన నీళ్లను ష్ప్రేలోకే వదులుతున్నారు. కోట్‌బుస్ దగ్గర నదిలో పారే నీళ్లలో దాదాపు సగం ఆ తోడిన నీళ్లే, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. జర్మనీ 2038 కల్లా బొగ్గుతో కరెంటు తయారీ ఆపేయాలని చట్టం చేసింది. అది మంచి నిర్ణయం. కానీ పంపులు ఆగితే నదికి ఆ నీళ్లూ ఆగుతాయి. ఇప్పుడు మనం దాటే ప్రతి లాకూ ఆ రాబోయే లోటును గుర్తుపెట్టుకుని దాటాల్సిందే.

ఈత రాదు. వెళ్లవచ్చా?

వెళ్లవచ్చు, లైఫ్ జాకెట్ వేసుకుంటేనే. చాలా పాయల్లో లోతు తక్కువ, ప్రవాహం నెమ్మది. కానీ అడుగున బురద కాలు పట్టేస్తుంది, లాకు గదిలో లోతు ఎక్కువ, గోడలకు పట్టు దొరకదు. జాకెట్ పడవలో పెట్టుకుంటే చాలదు, ఒంటి మీద ఉండాలి, బకిల్స్ పెట్టుకోవాలి. అద్దెకిచ్చేవాళ్లు అడిగితే ఇస్తారు, అడగకపోతే ఇవ్వకపోవచ్చు. ఈత రానివాళ్లు లాకు దగ్గర గట్టు మీది పని తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం. లోపల పడవ ఊగేటప్పుడు టెన్షన్ పడేది వాళ్లే.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఉన్నా నీళ్లు బాగా చల్లగా ఉంటాయి. ఆ చలికి ఈత వచ్చినవాళ్లకు కూడా ఊపిరి అందదు.

కయాక్ తీసుకోవాలా, కెనూ తీసుకోవాలా?

ఇద్దరైతే రెండు సీట్ల కయాక్. పిల్లలు, సామాను ఉంటే కెనూ. కెనూ వెడల్పు, కదలకుండా ఉంటుంది, లాకు దగ్గర ఎక్కిదిగడం తేలిక. ఒక్కరే వెళ్తే లాకు దగ్గర పడవను, షట్టర్‌ను రెండింటినీ చూసుకోవాలి, కొత్తవాళ్లకు వద్దు.

ఏ దారి మంచిది?

మొదటిసారి అయితే ల్యుబ్బెనౌ నుంచి లేడె దాకా వెళ్లి చుట్టి రండి. లేడె రెండు కిలోమీటర్ల దూరమే. ప్రతి ఇంటి ముందూ నీళ్లు, ప్రతి ఇంటికీ ఒక రేవు. 1929 వరకు ఆ ఊరికి పడవ తప్ప వేరే దారి లేదు. వేసవిలో ఇప్పటికీ పోస్టు పడవ మీదే వస్తుంది, 1897 నుంచి ఆ పద్ధతి నడుస్తోంది. పాత ఇళ్లను భద్రపరిచిన ఆరుబయట మ్యూజియం కూడా అక్కడే ఉంది.

చేతులు అలవాటయ్యాక లైపె దాకా, ఇంకా ఓపిక ఉంటే బుర్గ్ వైపు. ల్యుబ్బెనౌ నుంచి అటు వెళ్లడం ఎదురీత అని గుర్తుంచుకోండి. ప్రవాహం నెమ్మదే అయినా మధ్యాహ్నానికి భుజాలకు తెలుస్తుంది. ఎగువకు ముందు వెళ్లి, అలసిపోయాక నీటి వాలుగా తిరిగి రావడం మంచి పద్ధతి. టైమ్ లెక్క వేసేటప్పుడు ఒక్కో లాకుకు పావుగంట కలపండి. రద్దీగా ఉంటే అంతకన్నా ఎక్కువ.

దారి తప్పితే?

పాయలు కలిసే చోట్ల పేర్ల బోర్డులుంటాయి. అద్దెకిచ్చేవాళ్లు కాగితం మ్యాప్ ఇస్తారు, దాన్ని తడవకుండా పెట్టుకోండి. చెట్ల కింద ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ప్రవేశం లేదని బోర్డు ఉన్న పాయల్లోకి వెళ్లవద్దు. అవి మనుషులు అడుగుపెట్టకూడదని వదిలేసిన కోర్ ప్రాంతాలు. గుర్తు పెట్టని చోట గట్టు ఎక్కడం, గుడారం వేయడం, డ్రోన్ ఎగరేయడం కూడా కుదరవు.

గెడ వేసుకుంటూ పెద్ద పడవలు ఎదురొస్తాయి. ఎవరు తప్పుకోవాలి?

మనమే. వాటిని కాన్ అంటారు. వెనక నిలబడ్డ మనిషి పొడవాటి గెడతో నేలను తన్ని తోస్తుంటాడు. ఇరవై ముప్పై మంది కూర్చున్న ఆ పడవను వెంటనే ఆపడం కష్టం. కుడి గట్టుకు జరిగి తెడ్డు ఆపి ఆగండి. లాకుల దగ్గరా వాళ్లకే ముందు దారి. వాళ్లు లోపలికి వెళ్లాక చోటు ఉంటే మిమ్మల్నీ రమ్మంటారు. అలా వెళ్తే లాకు పని చూసి నేర్చుకోవచ్చు, నీళ్లూ ఆదా.

లాకు దగ్గర పిల్లలు చిల్లర అడిగారు. ఇవ్వాలా?

సెలవుల్లో ఆ ఊళ్ల పిల్లలు లాకులు తెరిచి మూస్తూ చేతి ఖర్చుకు సంపాదించుకుంటారు. పాత అలవాటు. యూరో, అర యూరో ఇవ్వండి. వాళ్లకు ఆ లాకు మనకన్నా బాగా తెలుసు, పని శ్రద్ధగా చేస్తారు. చిల్లర జేబులో ఉంచుకోండి.

దోమలు?

ఉంటాయి, సాయంత్రం బాగా. అంతకన్నా ముఖ్యం పిడుదులు. గడ్డిలో నడిచి వచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, పిల్లలకు జుట్టులో కూడా వెతకండి. లైమ్ జబ్బు, మెదడు వాపు తెచ్చే వైరస్ వాటి వల్ల వస్తాయి. మెదడు వాపుకు టీకా ఉంది. జర్మనీలో ఉండేవాళ్లు తమ డాక్టర్‌ను అడగడం మంచిది.

శాకాహారులకు తినడానికి ఏం దొరుకుతుంది?

ఉడికించిన బంగాళాదుంపలు, క్వార్క్ అనే గట్టి పెరుగు లాంటిది, పైన అవిసె నూనె. అది ఇక్కడి పేదల తిండి, ఇప్పుడు అందరికీ ఇష్టమైన తిండి. అవిసె నూనె వాసన మొదట్లో ఘాటుగా అనిపిస్తుంది, రెండో ముద్దకు అలవాటవుతుంది. ఇక దోసకాయల ఊరగాయ. ష్ప్రేవాల్డ్ దోసకాయకు 1999 నుంచి యూరప్ భౌగోళిక గుర్తింపు ఉంది. గట్ల మీద చిన్న దుకాణాల్లో విడిగా అమ్ముతారు. కారం లేదు, సోవాకు ఘాటు ఉంటుంది. కార్డు తీసుకోని చోట్లు చాలా ఉన్నాయి, నగదు తీసుకెళ్లండి. పులిహోర కట్టుకెళ్లే ఇళ్లవాళ్లు డబ్బా మూత గట్టిగా ఉండేది చూసుకుంటే చాలు.

ఊరి బోర్డుల మీద రెండు భాషలు కనిపిస్తున్నాయి. ఏమిటది?

రెండోది దిగువ సోర్బియన్. సోర్బులు ఇక్కడ వెయ్యేళ్లకు పైగా ఉంటున్న స్లావ్ ప్రజలు. ఆ భాష మాట్లాడేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. బోర్డు మీది ఆ పేరు కూడా ఒకసారి పైకి చదవండి. ఊళ్లో వాళ్లు వింటే సంతోషిస్తారు.

గోదావరి జిల్లాల్లో లాకులు చూసి పెరిగాం. ఇవి అలాంటివేనా?

సూత్రం ఒకటే. ధవళేశ్వరం, విజ్జేశ్వరం దగ్గరి లాకుల్లో కూడా గదిలో నీళ్లు నింపి పడవను ఎత్తుతారు. కాటన్ దొర హయాంలో 1852 నాటికి ఆనకట్ట పూర్తయ్యాక, డెల్టా కాలువలను సాగుకూ పడవలకూ పనికొచ్చేలా తవ్వారు. ధాన్యం, కలప, మనుషులు వాటి మీదే తిరిగేవాళ్లు. అవి పెద్దవి, సరుకు పడవల కోసం కట్టినవి, లస్కర్ల చేతిలో ఉండేవి. ష్ప్రేవాల్డ్‌లోవి చిన్నవి, దారిన పోయేవాళ్ల చేతికే వదిలేశారు. మన కాలువల మీద పడవలు దాదాపు ఆగిపోయినా కొన్ని పాత లాకులు ఇంకా నిలిచే ఉన్నాయి. వాటిని బాగుచేసి, ఒకటి రెండు చోట్లయినా చిన్న పడవలకు తెరిస్తే బాగుంటుందని ఇక్కడ ప్రతి లాకు దగ్గరా నాకు అనిపిస్తుంది.

అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చారు. వాళ్లు తెడ్డు వేయలేరు. ఎలా?

కాన్ ఎక్కించండి. 1882లో ల్యుబ్బెనౌలో ఒక బడిపంతులు సందర్శకుల కోసం ఈ షికార్లు మొదలుపెట్టాడు, అప్పటినుంచి నడుస్తున్నాయి. బల్లలు, మెత్తలు ఉంటాయి. రెండు గంటల షికారు వాళ్లకు చాలు. లాకు దాటే దారి ఉన్న షికారు ఏదో టికెట్ కొనేటప్పుడే అడగండి. ఎక్కేటప్పుడు రేవు మెట్టు నుంచి పడవలోకి ఒక అడుగు కిందికి దిగాలి, గెడ మనిషి చెయ్యి అందిస్తాడు. మోకాళ్ల నొప్పులుంటే ముందే చెప్పండి, అంచు దగ్గరి బల్ల ఇస్తారు.